మెజారిటీ ఉంది, మనుషులేరీ?

2025 మే 1న రన్‌కార్న్ అండ్ హెల్స్‌బీ ఉప ఎన్నికలో లేబర్ పార్టీ ఆరు ఓట్ల తేడాతో ఓడిపోయింది. రిఫార్మ్ యూకే అభ్యర్థి సారా పోచిన్‌కు 12,645 ఓట్లు, లేబర్ అభ్యర్థి కారెన్ షోర్‌కు 12,639. మళ్లీ లెక్కపెట్టి, తెల్లవారాక ఫలితం ప్రకటించారు. పది నెలల ముందు ఇదే సీటును లేబర్ 14,696 ఓట్ల మెజారిటీతో గెలిచింది. నేను ఈ నియోజకవర్గంలోనే ఉంటాను. కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీలో చదువుకుని, తొంభైల్లో ఇంగ్లండ్ వచ్చి, మెర్సీ నది ఒడ్డున రసాయన ఫ్యాక్టరీల చుట్టూ పెరిగిన ఈ ఊళ్లో జీపీగా, అంటే కుటుంబ వైద్యురాలిగా, స్థిరపడ్డాను. ఆ రోజు నేను ఓటేసింది లేబర్‌కే.

ఆ ఫలితం తర్వాత లండన్‌లో పత్రికలదీ టీవీ చర్చలదీ ఒకటే పాట. లేబర్ ఓటరు రిఫార్మ్ నాయకుడు నైజెల్ ఫరాజ్ దగ్గరికి వెళ్లిపోయాడు, అతన్ని వెనక్కి తెచ్చుకోవాలంటే ప్రభుత్వం ఫరాజ్ మాట్లాడేదే మాట్లాడాలి అని. మా ఊరి అంకెలు ఆ మాట చెప్పడం లేదు. 2024 జులైలో ఇక్కడ లేబర్‌కు 22,358 ఓట్లు వచ్చాయి, ఉప ఎన్నికలో అందులో 9,700 పైగా తగ్గాయి. రిఫార్మ్‌కు అప్పటి 7,662 మీద పెరిగినవి ఐదు వేల లోపే. అదే ఎన్నికలో కన్జర్వేటివ్‌లు 6,756 నుంచి 2,341కి పడిపోయారు, అంటే నాలుగు వేల నాలుగు వందల పైచిలుకు పోయాయి. రిఫార్మ్‌కు కొత్తగా వచ్చినవీ కన్జర్వేటివ్‌లకు పోయినవీ ఇంచుమించు సరిపోతున్నాయి. గ్రీన్ పార్టీకి గానీ లిబరల్ డెమొక్రాట్లకు గానీ పెరగలేదు, వాళ్లకూ తగ్గాయి. ఎవరి ఓటు ఎటు మళ్లిందో బ్యాలెట్ పెట్టె చెప్పదు. లేబర్ నుంచి నేరుగా రిఫార్మ్‌కు మారినవాళ్లు ఉన్నారు, నాకు తెలిసినవాళ్లలోనే ఉన్నారు. కానీ పోలింగ్ 46 శాతానికి పడిపోయిన ఎన్నికలో లేబర్ పోగొట్టుకున్న ఓట్లలో ఎక్కువ భాగం ఎటూ వెళ్లలేదు, ఇంట్లోనే ఉండిపోయిందని అంకెలు సూచిస్తున్నాయి.

కీర్ స్టార్మర్ ప్రభుత్వం ఎన్నాళ్లుంటుంది, 2029లో మళ్లీ గెలుస్తుందా అని కాకినాడ నుంచి మా తమ్ముడు ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతుంటాడు. 2025 ముగుస్తున్న ఈ వేళ నాకు తోచిన సమాధానం ఇదీ. ఆ ఇంట్లో ఉండిపోయినవాళ్లు మళ్లీ గడప దాటి వస్తారా లేదా అన్నదాని మీదే అంతా ఉంది. ప్రభుత్వం మాత్రం ఏడాదిన్నరగా తనకు ఎన్నడూ ఓటేయని మనిషి వైపే చూస్తోంది.

ఆ మెజారిటీ సంగతి ముందు చూద్దాం. 2024 జులై 4న 650 స్థానాల్లో లేబర్‌కు 411 వచ్చాయి, మెజారిటీ 174. బయటి నుంచి చూసినవాళ్లకు అది ప్రభంజనం. ఓట్లు మాత్రం 33.7 శాతం. బ్రిటన్‌లో పూర్తి మెజారిటీ తెచ్చుకున్న ఏ పార్టీకీ ఇంత తక్కువ వాటా రాలేదు. 1997లో టోనీ బ్లెయిర్ 418 స్థానాలు గెలిచినప్పుడు 43 శాతం వచ్చాయి. 2019లో జెరెమీ కార్బిన్ నాయకత్వంలో లేబర్ చిత్తుగా ఓడినప్పుడు కూడా కోటీ రెండు లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి. స్టార్మర్ గెలిచినప్పుడు పడినవి 97 లక్షలు. పోలింగే 60 శాతం దగ్గర ఆగింది కాబట్టి, జాబితాలో ఉన్న ఓటర్లలో లేబర్‌కు వేసింది ఐదుగురిలో ఒక్కరు. ఎక్కువ ఓట్లు వచ్చినవాడిదే సీటు అనే ఈ పద్ధతిని మనం బ్రిటన్ నుంచే తెచ్చుకున్నాం కాబట్టి తెలుగు పాఠకులకు దీని తీరు కొత్త కాదు. కానీ అదే 2024లో ఆంధ్రప్రదేశ్‌లో 175కి 164 గెలిచిన కూటమి వెనుక సగానికి పైగా ఓట్లున్నాయి. ఇక్కడ మూడో వంతుతో ఆ స్థాయి విజయం దక్కింది. కన్జర్వేటివ్, రిఫార్మ్ ఓట్లు రెండుగా చీలిపోయాయి, పద్నాలుగేళ్ల పాలనతో జనం విసిగిపోయారు, లేబర్ మధ్యలోంచి నడుచుకుంటూ వెళ్లి గెలిచింది. ఇలాంటి గెలుపుతో వచ్చిన ప్రభుత్వం మొదటి రోజు నుంచే తన మనుషుల్ని కూడగట్టుకోవాలి. ఈ ప్రభుత్వం వాళ్లతోనే మొదటి తగువు పెట్టుకుంది.

వచ్చి నెల తిరగలేదు. జులై 29న ఆర్థిక మంత్రి రేచల్ రీవ్స్ వృద్ధులకిచ్చే చలికాలపు ఇంధన సాయాన్ని కోసేశారు. ఇంటికి 200 పౌండ్లు, ఎనభై దాటినవాళ్లుంటే 300, అప్పటిదాకా పింఛను వయసు వచ్చిన అందరికీ అందేది. ఇకపై పెన్షన్ క్రెడిట్ లాంటి పేదల సాయాలు తీసుకునేవాళ్లకు మాత్రమే అన్నారు. దాదాపు కోటి మందికి ఆగిపోయింది. పాత ప్రభుత్వం ఖాతాల్లో 2,200 కోట్ల పౌండ్ల లోటు వదిలిపోయింది, గత్యంతరం లేదు అన్నారు. దీనివల్ల ఏటా మిగిలేది దాదాపు 150 కోట్ల పౌండ్లు.

నా దగ్గరికి వచ్చే ఒక పెద్దావిడకు ఎనభై దాటాయి, ఊపిరితిత్తుల జబ్బు. భర్త ఇక్కడి ఐసీఐ ఫ్యాక్టరీలో జీవితమంతా పనిచేసి కాలం చేశారు. ఆయన తాలూకు చిన్న పింఛను కలిసేసరికి ఆమె ఆదాయం పెన్షన్ క్రెడిట్ హద్దు దాటింది. ఒంటరిగా ఉండేవాళ్లకు అప్పుడు ఆ హద్దు వారానికి 218 పౌండ్లు. దాటింది కొద్ది పౌండ్లే, అయినా 300 పోయాయి. ఆ చలికాలం ఆమె సర్జరీకి, అంటే మా క్లినిక్‌కు, వచ్చినప్పుడు స్టెతస్కోపు పెట్టాలంటే కోటు, దాని కింద రెండు స్వెటర్లు విప్పించాల్సి వచ్చేది. ఇంట్లో హీటింగ్ వేసుకుంటున్నారా అంటే సాయంత్రం ఓ గంట అని చెప్పింది. జబ్బు ముదిరి ఆస్పత్రిలో చేరితే ప్రజారోగ్య సేవకు ఒక్క వారంలో అయ్యే ఖర్చు ఆ 300 కంటే ఎన్నో రెట్లు ఉంటుంది. ఊహ తెలిసినప్పటి నుంచీ లేబర్‌కే ఓటేసిన కుటుంబం వాళ్లది. మే 1న ఎవరికి వేశారని నేనడగలేదు, డాక్టరు అడగకూడని ప్రశ్న అది. తనే చెప్పింది, ఈసారి వెళ్లలేదని. కోపంగా కూడా చెప్పలేదు. నాకు బాధ కలిగించింది అదే.

ఉప ఎన్నిక ముగిసి ఆరు వారాలు తిరక్కముందే, జూన్ 9న, ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఏడాదికి 35,000 పౌండ్ల లోపు ఆదాయం ఉన్న పింఛనుదార్లందరికీ సాయం మళ్లీ ఇస్తామంది. మా ఊళ్లో తేడా ఆరు ఓట్లు. ఆ నిర్ణయం ఏప్రిల్‌లో తీసుకుని ఉంటే ఏం జరిగేదో చెప్పడానికి రాజకీయ పండితులు అక్కర్లేదు.

ఆ తర్వాత ఇది అలవాటుగా మారింది. జులై 1న వికలాంగుల భృతి నిబంధనలు బిగించే బిల్లును సభలో చర్చకు తెచ్చారు. సొంత పార్టీ ఎంపీలే వంద మందికి పైగా అడ్డం తిరిగితే సభలో చర్చ నడుస్తుండగానే అసలు క్లాజును తీసేశారు. మర్నాడు రీవ్స్ కామన్స్‌లో కన్నీళ్లు పెట్టుకోవడం ప్రపంచమంతా చూసింది. పది లక్షల పౌండ్లు దాటిన వ్యవసాయ ఆస్తుల మీద వారసత్వ పన్ను అన్నారు. రైతులు ట్రాక్టర్లతో లండన్ వచ్చారు. ఏడాదికి పైగా పట్టుబట్టి, ఈ డిసెంబర్‌లో ఆ హద్దును 25 లక్షలకు పెంచారు. ఇద్దరు పిల్లలకు మించితే భృతి ఇవ్వని నిబంధన ఎత్తేయాలన్నందుకు 2024 జులైలో ఏడుగురు సొంత ఎంపీలను పార్టీ బృందం నుంచి సస్పెండ్ చేశారు. అదే నిబంధనను 2026 ఏప్రిల్ నుంచి రద్దు చేస్తున్నట్టు ఈ నవంబర్ బడ్జెట్‌లో ప్రకటించారు. అది మంచి నిర్ణయం, పేద పిల్లల ఇళ్లలో తేడా తెస్తుంది. కానీ మొదటి నెలలో గర్వంగా చేయగలిగిన పనిని పదహారు నెలల తర్వాత ఒత్తిడికి లొంగి చేసినట్టు కనిపిస్తే ఆ పిల్లల తల్లులు ఎవరికి కృతజ్ఞత చెప్పాలి? చేదు నిర్ణయం తీసుకున్నందుకు ఒకసారి, దాన్ని వదులుకున్నందుకు ఇంకోసారి, ఒకే విధానానికి ఈ ప్రభుత్వం రెండుసార్లు మూల్యం చెల్లిస్తోంది.

డబ్బు లేదన్నది అబద్ధం కాదు. 2022 సెప్టెంబర్‌లో లిజ్ ట్రస్ ప్రభుత్వం అప్పు తెచ్చి పన్నులు తగ్గిస్తామని ప్రకటించిన రోజుల్లో ప్రభుత్వ బాండ్లు కుప్పకూలాయి, ఇళ్ల అప్పుల మీద వడ్డీలు ఎగిశాయి, ఆవిడ 49 రోజుల్లో పదవి వదిలారు. ఆ భయం ఇప్పటికీ ఆర్థిక శాఖను వదల్లేదు, వదలకూడదు కూడా. తప్పు ఇంకొక చోట ఉంది. ఆదాయపు పన్ను, ఉద్యోగుల నేషనల్ ఇన్సూరెన్స్, వ్యాట్ పెంచబోమని మేనిఫెస్టోలో మాటిచ్చి లేబర్ తన చేతులు తనే కట్టేసుకుంది. ఖజానాకు పెద్ద మొత్తాలు వచ్చే దారులు ఆ మూడే. అవి మూసుకున్నాక మిగిలినవి సందుగొందులు. 2024 అక్టోబర్ బడ్జెట్‌లో యజమానులు కట్టే నేషనల్ ఇన్సూరెన్స్‌ను 13.8 నుంచి 15 శాతానికి పెంచారు, అది మొదలయ్యే జీతాన్ని ఏడాదికి 9,100 నుంచి 5,000 పౌండ్లకు దించారు. తక్కువ జీతాలతో ఎక్కువ మందిని పెట్టుకునే చోట ఈ రెండో మార్పే ఎక్కువ గుచ్చుకుంది. కేర్ హోమ్‌లు, నర్సరీలు, హోటళ్లు, జీపీ సర్జరీలు అన్నీ ఆ కోవలోవే. ఆస్పత్రులకు ఆ భారాన్ని ప్రభుత్వమే భర్తీ చేసింది. జీపీ సర్జరీలు చట్టం దృష్టిలో స్వతంత్ర కాంట్రాక్టర్లు కాబట్టి వాటికి అలా చేయలేదు, తర్వాత కాంట్రాక్టు నిధులు పెంచి సర్దింది. ఆ మధ్య నెలల్లో రిసెప్షన్‌లో ఒక ఖాళీని నింపాలా వద్దా అని మేం కూర్చుని లెక్కలు వేసుకున్నాం. ఉదయం ఎనిమిదింటికి అపాయింట్‌మెంట్ కోసం ఫోన్ చేసి వరసలో వేచి ఉండే మనిషికి జాతీయ బడ్జెట్ తగిలేది అక్కడే.

ఇక వలసల మాట. నా మనసు ఎక్కువ కష్టపడింది ఇందులోనే.

2024 జులై 29న సౌత్‌పోర్ట్‌లో డ్యాన్స్ క్లాసుకు వెళ్లిన ముగ్గురు చిన్నారులను ఒక యువకుడు కత్తితో పొడిచి చంపాడు. మాకు ఎంతో దూరం లేని ఊరు. చంపింది పడవలో వచ్చిన శరణార్థి అని పుకారు పుట్టించారు. అతను బ్రిటన్‌లో పుట్టినవాడే. అయినా వారం రోజుల పాటు ఊరూరా అల్లర్లు, మసీదుల మీద దాడులు, రోథరమ్‌లో శరణార్థులున్న హోటల్‌కు నిప్పు పెట్టే ప్రయత్నం. ఆ వారం ఇక్కడి కేర్ హోమ్‌లలో రాత్రి షిఫ్టులు చేసే మన అమ్మాయిలు నలుగురైదుగురు కలిసి ఒకే కారులో వెళ్లేవారు. స్టార్మర్ అప్పుడు గట్టిగా నిలబడ్డారు. ఇంగ్లండ్ అండ్ వేల్స్ ప్రాసిక్యూషన్ విభాగానికి అధిపతిగా పనిచేసిన మనిషి, కోర్టులను ఎలా పరిగెత్తించాలో తెలిసిన మనిషి. రోజుల వ్యవధిలో నేరస్థులకు శిక్షలు పడ్డాయి, వీధులు చల్లబడ్డాయి. ఈ దేశంలో ఇన్నేళ్లున్నా ఒక ప్రధానిని అంత నమ్మిన రోజులు నాకు ఎక్కువ లేవు.

అదే ప్రధాని 2025 మే 12న, మా ఉప ఎన్నిక ఓడిన పదకొండో రోజున, ఇలాగే కొనసాగితే బ్రిటన్ అపరిచితుల ద్వీపంగా మారే ప్రమాదం ఉందని ప్రసంగించారు. ఆ మాట అన్నందుకు తర్వాత ఒక ఇంటర్వ్యూలో తీవ్రంగా విచారం వ్యక్తం చేశారు. ఆ నిజాయితీని నేను గౌరవిస్తాను. కానీ ప్రసంగంతో పాటు వచ్చిన విధానం అలాగే ఉంది. జులై 22 నుంచి విదేశాల నుంచి కొత్తగా కేర్ వర్కర్లను తీసుకోవడం ఆపేశారు. చదువు ముగిశాక విద్యార్థులకిచ్చే రెండేళ్ల గడువును 18 నెలలకు కుదిస్తున్నారు. నవంబర్‌లో హోం మంత్రి షబానా మహమూద్ ప్రకటించిన ప్రతిపాదన ఇంకా పెద్దది. శాశ్వత నివాసానికి, మనవాళ్లు పీఆర్ అనేదానికి, ఐదేళ్లు పట్టేది ఇకపై మామూలుగా పదేళ్లు. కేర్ వర్కర్ల లాంటివాళ్లకు పదిహేనేళ్లు. ఇప్పటికే ఇక్కడ ఉండి ఇంకా పీఆర్ రానివాళ్లకూ దీన్ని వర్తింపజేయాలన్నది ఆలోచన.

తూర్పు గోదావరి నుంచి వచ్చిన ఒక అమ్మాయి నాకు తెలుసు. నర్సింగ్ చదివింది, పొలం తాకట్టు పెట్టి ఏజెంటుకు డబ్బు కట్టి 2022లో కేర్ వీసా మీద వచ్చింది. పెద్దవాళ్లకు స్నానాలు చేయిస్తుంది, అన్నం తినిపిస్తుంది, చనిపోతున్నవాళ్ల చెయ్యి పట్టుకుని కూర్చుంటుంది. 2027లో పీఆర్ వస్తుందని లెక్కపెట్టుకుంటోంది. నవంబర్‌లో వార్త విన్న రోజు నాకు ఫోన్ చేసి, "మేడం, వచ్చేటప్పుడు ఐదేళ్లన్నారు కదా, మధ్యలో మార్చేస్తారా?" అని అడిగింది. నేను ఏం చెప్పను? కొత్తగా వచ్చేవాళ్లకు ఏ నిబంధన పెట్టినా ఒక దేశానికి ఆ హక్కు ఉంది. నికర వలసలు ఏడాదికి తొమ్మిది లక్షలు దాటినప్పుడు ఇళ్ల మీద, సర్జరీల మీద ఒత్తిడి పెరిగిన మాట నిజం, నేను రోజూ చూశాను. కానీ ఆ సంఖ్య 2025 జూన్ వరకు ఏడాదిలో 2,04,000కి తగ్గింది. తగ్గించడానికి చేయాల్సింది చాలావరకు జరిగిపోయింది. ఇప్పుడు ఇక్కడ ఉన్నవాళ్లకిచ్చిన మాట తప్పితే సంఖ్య తగ్గదు, మనుషులే నలిగిపోతారు. సెప్టెంబర్‌లో ఫరాజ్ పీఆర్ పద్ధతినే రద్దు చేస్తామన్నప్పుడు అది జాత్యహంకార విధానమని స్టార్మరే అన్నారు. రెండు నెలలు తిరగకుండా తన ప్రభుత్వమే గడువును మూడింతలు చేసే కాగితం తీసింది.

దీనితో ఫరాజ్ ఓటరు వచ్చాడా? రాలేదు. 2025 వేసవి నుంచి దాదాపు ప్రతి సర్వేలోనూ రిఫార్మ్‌దే మొదటి స్థానం. మా ఉప ఎన్నికలోనే చూశాం. ఇక్కడి శరణార్థుల హోటల్ మూసేయాలని రిఫార్మ్ ప్రచారం చేస్తే లేబర్ అభ్యర్థి కూడా అదే ప్రచారం చేశారు. ఆ హోటలే ఊరికి అన్నిటికంటే పెద్ద సమస్య అని రెండు పార్టీలూ చెప్పినప్పుడు, ఆ మాట మొదట అన్నవాడినే జనం నమ్ముతారు.

లేబర్‌ను వదిలినవాళ్లు రాజకీయాల మీదే విరక్తి చెందారని అనుకుంటే అదీ పొరపాటే. అక్టోబర్ 23న వేల్స్‌లోని కెర్ఫిలీలో సెనెడ్ (వేల్స్ చట్టసభ) ఉప ఎన్నిక జరిగింది. బొగ్గు గనుల లోయ, దాదాపు వందేళ్లుగా లేబర్ కోట. రిఫార్మ్ గెలుస్తుందన్నారు. పోలింగ్ 50 శాతం దాటింది, అంతకుముందు ఆ సీటుకు జరిగిన సాధారణ ఎన్నిక కంటే ఎక్కువ. గెలిచింది వేల్స్ జాతీయవాద పార్టీ ప్లైడ్ కమ్రీ, 47 శాతంతో. రిఫార్మ్‌కు 36, లేబర్‌కు 11. రిఫార్మ్‌ను ఆపడానికి జనం కదిలి వచ్చారు. ఆ పని చేయగలిగింది లేబరే అని మాత్రం నమ్మలేదు. 10 డౌనింగ్ స్ట్రీట్‌లో గోడకు అంటించుకోవాల్సిన ఫలితం అది. ఎందుకంటే లేబర్ వ్యూహకర్తలు 2029 గురించి చెప్పుకునే ధైర్యం ఒకటుంది. చివరికి ఫరాజా, మేమా అన్న ప్రశ్న వస్తుంది, అప్పుడు ఎడమ పక్కవాళ్లంతా ముక్కు మూసుకుని మాకే వేస్తారు అని. కెర్ఫిలీలో ప్రశ్న అదే వచ్చింది. జవాబు వేరొకరికి దక్కింది. ఇంగ్లండ్‌లో ప్లైడ్ లేదు గానీ సెప్టెంబర్‌లో జాక్ పొలన్స్కీ నాయకుడయ్యాక గ్రీన్ పార్టీ ఎదుగుతోంది. 2024లోనే ఈ గండి కనిపించింది. గాజా విషయంలో పార్టీ వైఖరి నచ్చక లెస్టర్ సౌత్‌లో లేబర్ ముఖ్య నేత జోనథన్ ఆష్‌వర్త్‌ను ఒక స్వతంత్ర అభ్యర్థికి ఓటేసి ఓడించారు. ఆరోగ్య మంత్రి వెస్ స్ట్రీటింగ్ ఇల్ఫర్డ్ నార్త్‌లో మరో స్వతంత్ర అభ్యర్థి మీద 528 ఓట్లతో బయటపడ్డారు. ప్రధాని కావచ్చని అందరూ చెప్పుకునే మనిషి మెజారిటీ అంత.

ప్రధానిని మార్చేస్తే సరిపోతుందన్న మాట ఇప్పుడు లేబర్ ఎంపీల్లో గట్టిగా వినిపిస్తోంది. సెప్టెంబర్‌లో ఉప ప్రధాని ఏంజెలా రేనర్ ఇంటి కొనుగోలు మీద తక్కువ స్టాంపు డ్యూటీ కట్టినందుకు రాజీనామా చేశారు. వారం తిరక్కుండానే వాషింగ్టన్‌లో రాయబారి పీటర్ మాండెల్సన్‌ను లైంగిక నేరస్థుడు ఎప్‌స్టీన్‌తో స్నేహం కారణంగా తొలగించాల్సి వచ్చింది. గ్రేటర్ మాంచెస్టర్ మేయర్ ఆండీ బర్నమ్ పేరు ఊపందుకుంది, కానీ ఆయన ఎంపీ కాదు. నాయకుడిని సవాలు చేయాలంటే లేబర్ ఎంపీల్లో ఇరవై శాతం, అంటే ఎనభై మందికి పైగా, ఒకే పేరు మీద సంతకం పెట్టాలి. అది తేలిక కాదు. 2026 మే 7న స్కాట్లండ్, వేల్స్ చట్టసభలకు, లండన్ బరోలకు, ఇంకా చాలా కౌన్సిళ్లకు ఎన్నికలున్నాయి. అక్కడ దెబ్బ గట్టిగా తగిలితే ఆ సంతకాలు పడవచ్చు. స్టార్మర్ స్వయంగా 2029 దాకా ఉంటారని పందెం కాయడానికి నేను సిద్ధంగా లేను. ప్రభుత్వం మాత్రం ఉంటుంది. నాలుగు వందల మంది ఎంపీలు తమ సీట్లు పోతాయని తెలిసి ముందస్తు ఎన్నికకు వెళ్లరు. కానీ కామెరాన్ వెళ్లిపోయిన 2016 నుంచి స్టార్మర్ వచ్చిన 2024 లోపు ఈ దేశం ఎనిమిదేళ్లలో నలుగురు కొత్త ప్రధానులను చూసింది. ప్రతిసారీ సమస్య ముఖానిదే అనుకున్నారు. మే, జాన్సన్, ట్రస్, సునాక్, ఒకరి తర్వాత ఒకరు వచ్చారు, సర్జరీ బయట వరస మాత్రం తగ్గలేదు. ఎవరి కోసం పాలిస్తున్నామో తేల్చుకోకుండా ఆరో ముఖాన్ని తెచ్చినా ఫలితం అదే.

ఆర్థికం కోలుకుంటే ఓట్లు వాటంతట అవే వస్తాయన్న ఆశ కూడా ప్రభుత్వంలో ఉంది. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ వడ్డీ రేటు 5.25 నుంచి ఈ డిసెంబర్‌లో 3.75 శాతానికి దిగింది. ఆస్పత్రుల్లో చికిత్స కోసం వేచి ఉన్న జాబితా 76 లక్షల నుంచి 74 లక్షలకు తగ్గింది. ఒక డాక్టరుగా ఆ తగ్గుదల విలువ నాకు తెలుసు, దాని వెనుక ఎంత మంది శనివారాలు పనిచేశారో కూడా తెలుసు. కానీ 1997లో జాన్ మేజర్ ఆర్థికాన్ని మంచి స్థితిలో అప్పగించి మరీ 165 సీట్లకు కూలారు. 1992 సెప్టెంబర్‌లో పౌండు కుప్పకూలి ఒక్క రోజులో పోయిన నమ్మకం నాలుగున్నరేళ్ల మంచి అంకెలతో తిరిగి రాలేదు. మరోవైపు మార్గరెట్ థాచర్ 1981లో లోతుల్లో ఉండి 1983లో 397 సీట్లు తెచ్చుకున్నారు. ఫాక్‌లాండ్స్ యుద్ధం, చీలిన ప్రతిపక్షం కలిసొచ్చాయి. కానీ అంతకు ముందే ఆవిడ తన వాళ్లెవరో తేల్చుకున్నారు, వాళ్లు ఆవిడని విడిచిపెట్టలేదు. ఆవిడ విధానాలు ఇక్కడి కార్మికుల ఊళ్లకు చేసిన హాని నేను చూశాను, వాటిని మెచ్చుకోను. ఆ పట్టుదల లేబర్‌కు ఎందుకు లేదన్నదే నా ప్రశ్న.

చెప్పుకోవడానికి వీళ్ల దగ్గర సరుకు లేకపోలేదు. కారణం చూపకుండా అద్దెవాళ్లను ఖాళీ చేయించే పద్ధతిని రద్దు చేసే చట్టం అక్టోబర్‌లో వచ్చింది. కార్మికుల హక్కుల చట్టం డిసెంబర్ 18న రాజముద్ర వేయించుకుంది. అనారోగ్యంతో సెలవు పెట్టిన మొదటి రోజు నుంచే సిక్ పే రాబోతోంది. జ్వరంతోనే షిఫ్టుకు వెళ్లి ఇంకో పదిమందికి అంటించే కేర్ వర్కర్లను చూసిన నాకు ఇది ఎంత పెద్ద మార్పో తెలుసు. రైల్వేలు ఒక్కొక్కటిగా ప్రభుత్వం చేతికి వస్తున్నాయి. ఇవన్నీ లేబర్ తన మనుషుల కోసం చేసిన పనులు. ప్రధాని వీటి గురించి మాట్లాడే రోజుల కంటే పడవల గురించి మాట్లాడే రోజులే ఎక్కువ. మా పెద్దావిడకు గానీ కేర్ హోమ్ అమ్మాయికి గానీ ఈ చట్టాల పేరు కూడా తెలియదు.

పీఆర్ ప్రతిపాదన మీద అభిప్రాయాలు పంపడానికి 2026 ఫిబ్రవరి 12 వరకు గడువు ఇచ్చారు. ఇప్పటికే వచ్చి ఉన్నవాళ్లకు పాత నిబంధనే అని ఒక్క మాట చెబితే ప్రభుత్వానికి ఒక్క పౌండు ఖర్చు లేదు. ఆ మాట వాళ్లంతట వాళ్లే చెబుతారని ఎదురుచూస్తూ కూర్చోకూడదు. ఇక్కడ చాలా మంది తెలుగువాళ్లకు తెలియని సంగతి ఒకటుంది. భారత పౌరులు కామన్వెల్త్ పౌరులు కాబట్టి, బ్రిటిష్ పౌరసత్వం లేకపోయినా, చెల్లుబాటు అయ్యే వీసా మీద ఇక్కడ ఉంటే స్థానిక ఎన్నికల్లోనూ పార్లమెంటు ఎన్నికల్లోనూ ఓటు వేయవచ్చు. స్టూడెంట్ వీసా అయినా కేర్ వీసా అయినా సరే. తూర్పు గోదావరి అమ్మాయికి ఈ మాట చెబితే మొదట నమ్మలేదు. ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవడానికి కొన్ని నిమిషాలు చాలు, నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు దగ్గర ఉంచుకోవాలి. పోలింగ్ బూత్‌లో గుర్తింపు కోసం భారత పాస్‌పోర్ట్ చూపిస్తే చెల్లుతుంది. లీడ్స్‌లోనో, లెస్టర్‌లోనో, ఈస్ట్ లండన్‌లోనో ఉన్న మీ పిల్లలకు ఈసారి ఫోన్ చేసినప్పుడు, తిన్నావా అని అడిగాక, ఓటరు జాబితాలో పేరు ఎక్కించుకున్నావా అని కూడా అడగండి.